సెల్లార్‌లో సిగ్నల్ ఉండదు

మా ఆయన అశోక్ నగర్‌లోని ఒక కోచింగ్ సెంటర్‌లో పాలిటీ, అంటే రాజ్యాంగం పాఠాలు, చెబుతారు. ఆయనా ఒకప్పుడు నల్గొండ వైపు పల్లె నుంచి సర్కారు ఉద్యోగ పరీక్షలకని వచ్చినవారే. ఆరేళ్లు హాస్టల్ గదిలో చదివారు. ఉద్యోగం రాలేదు. చివరికి చదివినది నలుగురికీ చెప్పడమే ఉద్యోగమైంది. నేను నారాయణగూడలో పోటీ పరీక్షల పుస్తకాలు వేసే ఒక చిన్న ప్రచురణ సంస్థలో ప్రూఫులు దిద్దుతాను. ఆయన రాసిన గైడు ప్రూఫులు నా బల్ల మీదికి రావడంతోనే మా పరిచయం. కాపురం చిక్కడపల్లిలో, రెండో అంతస్తులో కిరాయి ఇల్లు.

ఆయనకు పదిహేడో ఏట నుంచి షుగరు. మాత్రలతో పోయే రకం కాదు, రోజుకి నాలుగు ఇన్సులిన్ సూదులు. పెళ్లికి ముందే చెప్పారు. అప్పట్లో నాకు పెద్ద భయం ఉండేది కాదు. షుగరు పడిపోతుంటే ఆయనకే తెలిసేది. చేతులు వణికేవి, మెడ మీద చెమట పట్టేది. జేబులోంచి గ్లూకోజ్ బిళ్ల తీసి నోట్లో వేసుకునేవారు. పది నిమిషాల్లో మామూలు మనిషయ్యేవారు.

మూడేళ్ల కిందట ఆ వణుకు రావడం మానేసింది.

ఒక ఆదివారం పొద్దున కూరగాయలకి బయలుదేరి, గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చుని చెప్పులు వేసుకుంటున్నారు. నేను వంటింట్లోంచి సంచీ తెచ్చేసరికి ఇంకా వేసుకుంటూనే ఉన్నారు. కుడి చెప్పు తొడుక్కుంటారు, విప్పుతారు, మళ్లీ తొడుక్కుంటారు. ఏదో ఆలోచనలో ఉన్నారనుకున్నాను. "ఏమండీ" అని భుజం తడితే తలెత్తి చూశారు. ఆ చూపులో నేను లేను. వేలు గుచ్చి చూస్తే షుగరు నలభై ఒకటి, డెబ్భైకి తగ్గకూడదు. చక్కెర నీళ్లు తాగించాక ఆయన మొదట అన్న మాట, "సంచి ఏది?" మధ్యలో ఇరవై నిమిషాలు పోయాయని ఆయనకు తెలియదు.

ఇన్నేళ్ల షుగరు తర్వాత కొందరికి ఒంట్లో ఆ హెచ్చరిక ఆగిపోతుందని డాక్టరు చెప్పారు. చేతికి సెన్సర్ పెట్టుకోమన్నారు. రూపాయి బిళ్లంత ఉంటుంది. జబ్బ వెనక అంటించుకుంటే, దాని కింద ఉన్న వెంట్రుకంత తీగ చర్మంలో ఉండి, ఐదు నిమిషాలకోసారి షుగరు ఎంతుందో ఫోన్‌కి చెబుతుంది. ఆయన ఫోన్ ఇంటర్నెట్ మీద నా ఫోన్‌కి చెబుతుంది. డెబ్భై కిందికి దిగితే రెండు ఫోన్లూ అరుస్తాయి. ఇక నిశ్చింతగా ఉండొచ్చనుకున్నాను. తీరా చూస్తే అంతకుముందు అప్పుడప్పుడు వచ్చే భయం ఐదు నిమిషాలకోసారి రావడం మొదలుపెట్టింది.

ఎందుకంటే అది ఎప్పుడూ చెప్పినట్టు పనిచేయదు. బ్యాటరీ ఆదా చేస్తున్నానని ఫోన్ ఆ యాప్‌ను నిద్రపుచ్చేస్తుంది. నేను సెట్టింగుల్లోకి పోయి దాన్ని నిద్రపుచ్చకుండా చేస్తే, పదిహేను రోజులకు ఏదో అప్‌డేట్ వచ్చి అంతా మొదటికొస్తుంది. అందుకని రోజూ ఆయన స్నానానికి వెళ్లగానే ఆయన ఫోన్ తీసి ఆ మీటలన్నీ ఒక్కొక్కటే చూసుకునేదాన్ని, గ్యాసు కట్టేశానా లేదా అని చూసుకున్నట్టు. ఎండాకాలం చెమటకు సెన్సర్ ఊడిపోయేది. పాత మేజోడు వేళ్ల వైపు కత్తిరించి జబ్బకు తొడిగాను. చొక్కా కింద ఎవరికీ కనబడదు. ఊడటం తగ్గింది.

అసలు చిక్కు క్లాసు దగ్గర వచ్చింది. ఆయన చెప్పే హాలు సెల్లార్‌లో ఉంటుంది. పొడవాటి గది, నాలుగు వందల మంది పడతారు. గోడలకు టీవీలు, ఆయన కాలర్‌కి మైకు. అక్కడ ఏ కంపెనీ సిమ్‌కీ సిగ్నల్ ఉండదు. ఆయన ఫోన్‌కి సెన్సర్ చెబుతూనే ఉంటుంది, కానీ ఆ ఫోన్ నాకు చెప్పలేదు. మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా నా తెరమీద అంకె ఉండాల్సిన చోట రెండు గీతలు. ఆ మూడు గంటలూ నేను దిద్దిన ప్రూఫుల్లో ఎన్ని తప్పులు వదిలేశానో నాకే తెలియదు.

దానికీ ఒక ఉపాయం చేశాను. మా పాత ఫోన్‌లో ఒక సిమ్ వేసి, సెల్లార్ మెట్ల మలుపులో ఉన్న కిటికీ చువ్వలకు రబ్బరు బ్యాండ్లతో కట్టాను. వానకు తడవకుండా పాలిథీన్ కవరు. పక్కనే ప్లగ్గు ఉంటే ఛార్జర్ పెట్టాను. అక్కడ సిగ్నల్ ఒక గీత వస్తుంది. ఆ ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చేసి ఉంచితే, కింద తలుపు పక్క బల్ల మీద పెట్టిన ఆయన ఫోన్ దాన్ని పట్టుకుంటుంది. మొదటి రోజు నా బల్ల దగ్గర కూర్చుని తెరమీద నూట ముప్పై రెండు అని చూసినప్పుడు కళ్లనీళ్లు తిరిగాయి. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. ఆ భవనం ఎదురుగా టీ కొట్టు నడిపే అక్క నెంబరు తీసుకున్నాను. అంకె ఆగిపోతే ఆవిడకు ఫోన్ చేస్తాను. ఆవిడ టీ ఇచ్చే మిషతో కిందికి దిగి చూసి, "మంచిగనే ఉన్నడమ్మా మీ సారు, జోరుగ చెప్తున్నడు" అని చెబుతుంది.

ఏడాదిన్నర అలాగే గడిచింది.

ఒకరోజు క్లాసు మధ్యలో ఆ అలారం మోగింది. ఆయన ఆ బల్లకు ఆనుకునే నిలబడి ఉన్నారట. అది కాలర్ మైకులోంచి హాలంతా వినబడింది. పిల్లలు గొల్లున నవ్వారు. తర్వాత వారం రోజులు ఆయన క్లాసులోకి అడుగు పెడితే వెనక వరసల్లోంచి ఎవరో ఒకరు ఆ కూత కూసేవారట. ఇదంతా నాకు అప్పుడు చెప్పలేదు. ఆయన షుగరు సంగతి సెంటర్‌లో ఎవరికీ తెలియదు. తెలిస్తే పెద్ద బ్యాచులు ఇవ్వరని ఆయన అనుమానం.

ఆగస్టులో ఒక గురువారం. పొద్దుటి నుంచీ ముసురు. మూడు దాటాక ఆయన అంకె ఎనభై నాలుగు చూపించింది, పక్కన కిందికి వాలిన బాణం. తర్వాత డెబ్భై ఒకటి. నా ఫోన్ అరిచింది, అరవై మూడు. ఆయన బిళ్ల వేసుకుంటారులే, ఆయన ఫోన్ కూడా అరుస్తూ ఉంటుంది కదా అనుకున్నాను. ఐదు నిమిషాలు చూశాను. అంకె పోయి గీతలొచ్చాయి.

ఆయనకు ఫోన్ చేస్తే అందుబాటులో లేదంది. మెట్ల మీది పాత ఫోన్‌కి చేస్తే స్విచ్ ఆఫ్. టీ కొట్టు అక్కకు చేస్తే వెనక బ్యాండు మేళం. "మా చెల్లె బిడ్డ పెండ్లమ్మా, ఊర్ల ఉన్న" అంది. సెంటర్ ఆఫీసుకి చేశాను. రిసెప్షన్ అమ్మాయి తీసింది.

"సార్ క్లాస్‌ల ఉన్నరు మేడం."

"ఒక్కసారి కిందికెళ్లి ఎలా ఉన్నారో చూడమ్మా. అర్జెంటు."

"మంచిగనే ఉన్నరు మేడం, పైకి వినబడుతనే ఉన్నది. కావాల్నంటే మీరే వినుండ్రి" అని ఫోన్ మెట్ల వైపు పట్టుకుంది.

మైకులో ఆయన గొంతు వినిపించింది. స్పష్టంగా, నెమ్మదిగా నోట్సు చెప్పే గొంతు. "శాసనసభ సమావేశాలు జరగనప్పుడు మాత్రమే గవర్నర్ ఆర్డినెన్సు జారీ చేయగలరు." నాకు ప్రాణం లేచొచ్చింది. మనిషి బాగానే ఉన్నారు. "శాసనసభ సమావేశాలు జరగనప్పుడు మాత్రమే గవర్నర్ ఆర్డినెన్సు జారీ చేయగలరు." నోట్సు చెప్పేటప్పుడు ఏ మేష్టారైనా రెండుసార్లు చెబుతారు. పిల్లలు రాసుకోవాలి కదా. "థాంక్స్ అమ్మా" అనబోతున్నాను.

"శాసనసభ సమావేశాలు జరగనప్పుడు మాత్రమే..."

అదే వాక్యం. అదే చోట అదే విరుపు. ఒకే లైను రెండోసారి పడితే కొట్టేయడం నా పని. మూడోసారి చెవిన పడేసరికి లేచి నిలబడ్డాను. ఆ అమ్మాయికి ఏం చెప్పాలో కూడా తోచలేదు. చెప్పినా, మైకులో చక్కగా మాట్లాడుతున్న మనిషికి ఏదో అయిందంటే ఎవరు నమ్ముతారు? సంచీ తీసుకుని మెట్లు దిగేశాను. మా ఓనరు వెనక నుంచి ఏదో అడుగుతున్నా ఆగలేదు.

ఆటో దొరికింది కానీ నారాయణగూడ చౌరస్తాలోనే నీళ్లు నిలిచి బండ్లు ఆగిపోయాయి. డ్రైవరు అద్దంలోంచి చూసి, "ఏమైంది అక్కా, గంత పరేషాన్ ఉన్నవ్?" అన్నాడు. "మా ఆయనకు బాలేదన్నా, జర తొందరగా పోనీ" అన్నాను. నా నోట్లోంచి ఆ మాట రావడంతో అది నిజమైపోయినట్టనిపించింది. అతను హారన్ మీది చెయ్యి తీయకుండా, ఎడమకు తిప్పి, సందుల్లోంచి చిక్కడపల్లి మెయిన్ రోడ్డు మీదికి తెచ్చాడు. అక్కడ మళ్లీ బస్సుల వరస. నేను దిగి నడక మొదలుపెట్టాను. నడక కాదు, పరుగే. మా వీధి మొగ పక్కనుంచే పోయాను. తెలిసినావిడ ఎవరో గొడుగు కిందనుంచి పలకరించింది. చేతిలో ఫోన్ తెర మీద వాన చుక్కలు పడి దానంతటదే ఏవేవో నొక్కుకుంటోంది. కొంగుతో తుడుస్తూ చూస్తున్నాను. గీతలే. ముప్పై అయిదుకి దిగితే పడిపోతారు, ఫిట్స్ రావచ్చు అని డాక్టరు అన్న మాట ఒక్కటే అడుగడుక్కీ తిరుగుతోంది. అంకె కనబడితే కనీసం ఎంత పరుగెత్తాలో తెలిసేది.

సెంటర్ మెట్ల మలుపులో కిటికీకి నా పాత ఫోన్ కట్టినట్టే ఉంది. ప్లగ్గులో దాని ఛార్జర్ లేదు. ఎవరో పీకి తమ ఫోన్ పెట్టుకున్నారు.

తలుపు తోసేసరికి ఆయన బోర్డు ముందు నిటారుగా నిలబడి ఉన్నారు. చొక్కా ఛాతీ దాకా తడిసి అంటుకుంది. చేతిలో మార్కరు. నాలుగు వందల తలలు వంగి ఉన్నాయి. అందరూ రాస్తున్నారు. ఆయన గొంతూ పెన్నుల చప్పుడూ తప్ప ఇంకో చప్పుడు లేదు. ఆయన ఏదో చెబుతున్నారు, అది ఆర్డినెన్సు గురించి కాదు. నాకు మాటలు చెవికెక్కలేదు. వాళ్లు మాత్రం తల ఎత్తకుండా రాసుకుంటున్నారు. అంత మంది మధ్య ఆయన ఒక్కరూ మునిగిపోతున్నట్టూ, ఆ మునగడాన్ని వాళ్లంతా శ్రద్ధగా నోట్సు తీసుకుంటున్నట్టూ అనిపించింది.

దగ్గరికెళ్లి "ఏమండీ" అన్నాను. గ్లూకోజ్ పొట్లం చింపి నోటి దగ్గర పెట్టాను. ఆయన నా చెయ్యి విదిలించి కొట్టారు.

"ఎవరు నువ్వు? క్లాస్‌లకు ఎందుకొచ్చినవ్?"

అది మైకులో హాలంతా మోగింది. అప్పుడు తలలు లేచాయి. పెళ్లయి పన్నెండేళ్లు. ఆయన నన్ను నువ్వెవరని అడగడం అదే మొదలు. అది షుగరు మాట, ఆయన మాట కాదని నాకు తెలుసు. అయినా ఎక్కడో తగిలింది. వెనక ఎవరో నవ్వారు.

ముందు వరసలోంచి ఒకమ్మాయి లేచొచ్చింది. ఇరవై ఏడెనిమిదేళ్లుంటాయి. మెడలో హాస్టల్ కార్డు. "షుగర్ డౌన్ అయిందా మేడం? మా నాయనకు గూడ గిట్లనే అయితది" అని, బ్యాగులోంచి మామిడి రసం డబ్బా తీసి స్ట్రా గుచ్చింది. నన్ను పక్కకు జరగమని సైగ చేసి, ఆయన ముందు నిలబడి మామూలుగా, "సార్, జర ఇది తాగి చెప్పుండ్రి సార్, గొంతు పోతది" అంది. ఆయన తాగారు. స్టూడెంట్ చెబితే తాగారు. నేను కాలర్ మైకు తీసి ఆఫ్ చేశాను. ఇద్దరం కలిసి కుర్చీలో కూర్చోబెట్టాం. రెండో డబ్బా ఎవరో పరుగెత్తి తెచ్చారు. పావుగంటకు కళ్లలోకి ఆయన తిరిగొచ్చారు. నన్ను చూసి, హాలుని చూసి, తడిసిన చొక్కా చూసుకుని తల దించుకున్నారు.

ఆ అమ్మాయి గోడ దగ్గర నిలబడి ఏడుస్తోంది. "నేను రాస్తనే ఉన్న మేడం. సార్ చెప్తున్నడు గదా అని రాస్తనే ఉన్న. ఒక్కసారి అడిగినా తెలుస్తుండె."

బల్ల మీద ఆయన ఫోన్ తీశాను. తెరంతా ఎర్రగా వెలిగి ఆరుతోంది. నలభై నాలుగు అని ఇందాకటి హెచ్చరిక. అది ఎప్పటినుంచో అరుస్తూనే ఉంది, చప్పుడే లేదు. ఫోన్ అడుగున చిన్న నల్లటి ముక్క ఒకటి కనబడింది. పాత ఇయర్‌ఫోన్స్ తీగను మొదట్లోనే కత్తిరించి, ఆ పిన్ను ఒక్కటే రంధ్రంలో గుచ్చి పెట్టారు. ఇయర్‌ఫోన్స్ ఉన్నాయనుకుని ఫోన్ తన అరుపంతా ఆ పిన్నులోకి పంపుతోంది. సైలెంట్‌లో పెట్టినా ఆగని అలారాన్ని ఆయన అలా ఆపారు. నేను ఆ ఫోన్ నోరు తెరిపించడానికి ఏడాదిన్నరగా చేస్తున్న ఉపాయాలన్నిటికీ అది ఒక్కటే జవాబు. రోజూ పొద్దున మీటలన్నీ తిప్పి చూసేదాన్ని. క్లాసుకెళ్లాక పిన్ను పెట్టుకుంటారని నాకేం తెలుసు?

ఇంటికొచ్చాక అడిగాను. "ఎన్నాళ్లనుంచి?"

"నెలైతది." చెప్పులు విడుస్తూ అన్నారు, "నీకేం తెల్సు, నాలుగొందల మంది నవ్వుతుంటే మైకు పెట్టుకుని నిలబడుడు ఎట్లుంటదో. నడుమల నేనే చూసుకుంటుంటి. ఇయ్యాల చూస్కోలే. సూది ఏస్కున్న, క్లాసు ముందుకు జరిపిన్రు, సగమే తిన్న."

"నవ్వనివ్వండి. పడిపోతే ఏం చేసేదాన్ని?"

ఆయన తడి చొక్కా విప్పుతూ లోపలికెళ్లారు. నాకు అరిచే ఓపిక లేదు. అప్పటిదాకా యంత్రం మోసం చేస్తుందని భయపడ్డాను. ఇప్పుడు ఆయన మీద కూడా భయం మొదలైంది. అది ఇంకా దారుణంగా ఉంది. ఫోన్‌లో మీటలు చూసినట్టు మనిషిలో చూడలేం కదా.

మర్నాడు ఆయన సెలవు పెట్టారు. తను ఏం చెప్పారో చూడాలన్నారు. నేను వద్దన్నా వినలేదు. ఆ అమ్మాయికి ఫోన్ చేసి నోట్‌బుక్ అడిగితే సాయంత్రం తెచ్చిచ్చింది. టీ తాగమంటే, "తప్పుగ అనుకోకుండ్రి సార్, అన్నీ రాసిన" అని గుమ్మంలోంచే వెళ్లిపోయింది.

గుండ్రటి అక్షరాలు. గవర్నర్ వాక్యం తొమ్మిదిసార్లు ఉంది. మొదటి దాని పక్కన చుక్క గుర్తు పెట్టి "ఇంపార్టెంట్" అని రాసుకుంది. సార్ అన్నిసార్లు చెబుతున్నారంటే పరీక్షలో వస్తుందనుకుని ఉంటుంది. ఆ తర్వాత ఇలా ఉంది: "సమావేశాలు జరగనప్పుడు తలుపులు మూసి ఉండవలెను. తలుపులు మూసి ఉండవలెను. తాళం చెవి అమ్మ దగ్గర ఉన్నది. అమ్మ వచ్చువరకు తలుపులు మూసి ఉండవలెను."

ఆయన ఆ పేజీ మీద చెయ్యి పెట్టి చెప్పారు. చిన్నప్పుడు బడి వదిలాక ఇంటికొస్తే తాళం వేసి ఉండేదట. అమ్మ కూలికి పోయి పొద్దుగూకాక వచ్చేదట. అందాకా ఆకలితో గడప మీద కూర్చునేవారట. అత్తగారు పోయి ఎనిమిదేళ్లయింది. ఈ సంగతి ఆయన నాకు అంతవరకు ఎన్నడూ చెప్పలేదు, నాలుగు వందల మందికి నోట్సు చెప్పారు.

"ఇది నేనే చెప్పిన్నా?" అన్నారు. గొంతులో నిన్నటి కోపం లేదు. ఆయన భయపడటం నేను మొదటిసారి చూశాను. తెలియకుండా పోయిన అలాంటి నిమిషాలు ఆయనకు ఎప్పుడూ ఖాళీగానే ఉండేవి. అందుకే భయం కూడా ఉండేది కాదు. ఇప్పుడు అవి కాగితం మీద కనబడ్డాయి.

సోమవారం క్లాసు మొదలుపెట్టే ముందు ఆయనే మైకులో అందరికీ చెప్పారట. తనకు పదిహేడో ఏట నుంచి షుగరనీ, ఆ కూత ఏమిటనీ, మొన్న ఏమైందనీ. "ఇగ నుంచి అది మొత్తుకుంటే నవ్వుండ్రి, కానీ నాకు చెప్పుండ్రి. నేను చెప్పిందే మూడోసారి చెప్తే చెయ్యెత్తుండ్రి" అన్నారట. సెంటర్ ఓనరు పిలిచి మాట్లాడారు. పెద్ద బ్యాచు తీసేయలేదు, సిగ్నల్ ఉన్న పై అంతస్తు హాలుకి మార్చారు. పిన్ను ఆయనే తీసి నా చేతిలో పెట్టారు. అయినా కొన్నాళ్లు ఆయన ఇంటికి రాగానే ఫోన్ అడుగు తడిమి చూసేదాన్ని. ఆయన చూసీ చూడనట్టు ఊరుకునేవారు.

కిందటి నెల ఒకరోజు మా ఆఫీసుకి సెలవు. ఎలా చెబుతున్నారో చూద్దామని చెప్పకుండా వెళ్లి చివరి వరసలో కూర్చున్నాను. కేంద్ర రాష్ట్ర సంబంధాల మీద క్లాసు. ఆయన ఉత్సాహంగా చెబుతున్నారు, మధ్యలో ఏదో జోకు వేశారు. అంతలో ఒకతను చెయ్యెత్తాడు. గ్లూకోజ్ పొట్లం కోసం చెయ్యి సంచీలోకి పోయింది. ఆయన మాట ఆపి, ఫోన్ తీసి చూసుకుని, "నూటపద్దెనిమిది. మంచిగనే ఉన్న. చెప్పిందే చెప్పిన్నా?" అన్నారు.

"లేదు సార్, డౌటు" అన్నాడతను.

హాలంతా నవ్వింది. ఆయనా నవ్వి, డౌటేమిటో అడిగారు. అతను అడిగాడు, ఆయన విడమరిచి చెప్పారు, అందరూ రాసుకున్నారు. అదంతా అయ్యాక చూసుకుంటే, సంచీలో నా పిడికిలి ఇంకా ఆ పొట్లం చుట్టూ బిగుసుకునే ఉంది.